శరీరపు జమాఖర్చులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను వైద్యుడను కాను. ఊరి లెక్కలు వ్రాయుచు జీవితము గడపుచున్నవాడను. కావ్యములను గూడ గురుముఖమున చదివినవాడను కాను. ఈ గ్రంథాలయములోని నిఘంటువును ప్రక్కన నుంచుకొని ఒక్కొక్క పదమే కూడబలుకుకొన్నవాడను. రజతోత్సవ సందర్భమున ఏదేని ప్రబంధమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరిరి. వారి యనుమతితో విషయమును మార్చుకొంటిని. మనము మెట్లెక్కునపుడు, బరువు మోయునపుడు, పరుగెత్తునపుడు దేహములో ప్రాణవాయువు ఎట్లు ఖర్చగును? ఆ పనికి కావలసిన శక్తి ఏ ఖాతానుండి వచ్చును? ఇదియే నేటి ప్రసంగ విషయము. దీనిని ఎన్నుకొనుటకు కారణము ఈ భవనపు మెట్లే.

మూడేండ్ల క్రిందట మా కోడలు పుస్తకము కొరకు నాతో గూడ ఈ మేడమీదికి వచ్చెను. మెట్లు పదునెనిమిది. తొమ్మిదవ మెట్టు దగ్గర ఆమె గోడకు ఆనుకొని నిలిచి రొప్పసాగెను. “ఏమమ్మా, ఏభై దాటిన నేనెక్కాను. ఇరవై నాలుగేళ్ళదానివి, నీకేమయింది? బద్ధకం కాళ్ళ దాకా వచ్చిందా?” అంటిని. అక్కడ నున్నవారు నవ్విరి. ఆమె “వస్తున్నాను మామయ్యగారూ” అని మాత్రమే పలికి, తల వంచుకొని తక్కిన తొమ్మిది మెట్లును ఎక్కెను. ఆనాడు నేను ఖర్చు పద్దు మాత్రమే చూచితిని. జమ పద్దు చూడలేదు. లెక్కలు వ్రాయువానికి ఇంతకంటె పెద్ద తప్పు లేదు. ఆ జమ పద్దు ఎట్టిదో మొదటినుండి మనవి చేసెదను.

గాలిలో నూటికి సుమారు 21 పాళ్ళు ప్రాణవాయువు. దీనిని 1774లో ఇంగ్లండులో ప్రీస్ట్లీ వేరుచేసి చూపెను. అంతకు ముందే స్వీడనులో షీలే కనుగొనియుండెను. ఫ్రాన్సు దేశీయుడగు లవోయిజియే దానికి ‘ఆమ్లములను పుట్టించునది’ అను అర్థము వచ్చు పేరు పెట్టెను. దానిని బట్టియే మన పాత పాఠ్యపుస్తకములలో ‘ఆమ్లజని’ అను మాట వచ్చినది. ఆమ్లములన్నిటిలోను ఈ వాయువుండునని ఆయన తలచుట పొరపాటు. పేరు మాత్రము నిలిచినది. ‘ప్రాణవాయువు’ అను మన మాటయే దాని పనికి తగియున్నది. ఈ లవోయిజియే 1790 ప్రాంతమున సెగ్యాన్ అను సహచరుని ముఖమునకు తొడుగు తగిలించి, ఊరక కూర్చున్నపుడు ఎంత ప్రాణవాయువు ఖర్చగునో, కాలితో బరువు నెత్తునపుడు ఎంత ఖర్చగునో కొలిచెను. పని పెరిగినకొలది ఖర్చును పెరిగెను.

నేడు ఆ లెక్క మనకు చక్కగా తెలియును. కూర్చున్న మనిషి నిమిషమునకు సుమారు పావు లీటరు ప్రాణవాయువును వాడుకొనును. ఆరోగ్యవంతుడగు యువకుడు శక్తికొలది పరుగెత్తినచో అది రెండున్నర, మూడు లీటర్లగును. ఆరితేరిన దూరపు పరుగుకాండ్రలో ఐదు లీటర్లు దాటువారు గలరు. ఇంత వాయువును అందించుటకు విశ్రాంతిలో నిమిషమునకు ఆరేడు లీటర్ల గాలి పీల్చు ఊపిరితిత్తులు కఠినశ్రమలో నూరు లీటర్ల వరకు పీల్చగలవు. విశ్రాంతిలో నిమిషమునకు ఐదు లీటర్ల రక్తమును త్రోయు గుండె, శ్రమలో ఇరువది లీటర్ల వరకు త్రోయగలదు.

రక్తపు పంపకము గూడ మారును. చెరువు క్రింద వంతులవారీగా తూములు మూసి తెరచునట్లు, దేహము ప్రేగులవైపు పోవు నాళములను కుదించి, పనిచేయు కండరములవైపు నాళములను వెడల్పు చేయును. విశ్రాంతిలో రక్తమునందు అయిదవ వంతు పొందు కండరములు, భారీశ్రమలో అయిదింట నాలుగు వంతులు పొందును. కడుపునిండ భుజించి వెంటనే పరుగెత్తవద్దని పెద్దలు చెప్పినది ఈ వంతుల తగవు నెరిగియే కాబోలు.

ఇక శక్తి సంగతి. కండరము అన్నమును నేరుగా వాడుకొనలేదు. సంతకు పోవువాడు ధాన్యపు బస్తానే చెల్లించి ప్రతి వస్తువును కొనలేడు గదా. దానిని రొక్కముగా మార్చుకొనవలెను. దేహమునకు అట్టి రొక్కము అడినోసిన్ ట్రైఫాస్ఫేటు. దానిని పొట్టిగా ఏటీపీ అందురు. కండరము ముడుచుకొనిన ప్రతిసారియు ఈ నాణెమే చెల్లవలెను. కాని చేతిలో నెప్పుడును రెండు మూడు సెకండ్ల ముమ్మరపు ఖర్చునకు సరిపోవునంతయే యుండును. దాని వెనుక ఫాస్ఫోక్రియేటిన్ అనునది కలదు. ఇది నడుమున కట్టుకొన్న జాలె వంటిది. ఖర్చయిన నాణెమును క్షణములో తిరిగి నింపుచు, సుమారు పది సెకండ్ల వరకు ఆదుకొనును. ఈ రెంటికిని అప్పటికప్పుడు ప్రాణవాయువుతో పనిలేదు.

ఈ జాలెను, ఈ నాణెమును కనుగొన్నవారిలో మన తెలుగువాడొకడు గలడు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, 1923లో అమెరికా చేరెను. హార్వర్డులో ఫిస్కే అను ఆచార్యునితో గూడి, దేహద్రవములలో భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. కండరపు సారమును ఆ పద్ధతిచే కొలుచుచుండగా రంగు రావలసిన సమయమునకు రాక ఆలస్యమయ్యెను. మరియొకడైనచో దానిని చిన్న లోపమని వదలియుండును. వారు వదలక కారణము వెదకిరి. 1927లో ఫాస్ఫోక్రియేటిన్ బయటపడెను. 1929లో ఏటీపీ దొరకెను. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని వేరుగా కనుగొనెను. కుదరని చిన్న అంకెను విడువక పట్టుకొనుట లెక్కలవాని గుణము. ఈ చరిత్రను ఈ గ్రంథాలయమందే చదివి, సుబ్బారావుగారిని నా వృత్తివానిగా భావించి గర్వించితిని.

జాలె ఖాళీయైన పిమ్మట గాదె తలుపు తీయవలెను. తిన్న అన్నములోని గ్లూకోజును దేహము గ్లైకోజెన్ రూపమున కండరములలో సుమారు 400 గ్రాములు, కాలేయములో సుమారు 100 గ్రాములు దాచియుంచును. దీనిని మార్చుటకు రెండు మార్గములు గలవు. ప్రాణవాయువు లేకయే మార్చినచో పని వేగముగా జరుగును, కాని ఒక గ్లూకోజు అణువునకు రెండు ఏటీపీలు మాత్రమే ముట్టును. ప్రాణవాయువుతో పూర్తిగా మండించినచో సుమారు ముప్పది ముట్టును. తొందరలో ధాన్యమును అయినకాడికి అమ్ముకొన్న రైతునకును, ఓపికతో మంచి ధర వచ్చువరకు నిలిచిన రైతునకును ఉన్న భేదమే యిది. గాదె వెనుక క్రొవ్వు అను పాతర కలదు. అది చాల పెద్దది. కాని ప్రాణవాయువు లేనిదే దాని మూత తెరచుకొనదు.

చెడుగుడు ఆటను చూడుడు. కూత పెట్టుచు అవతలి బరిలోనికి పోయినవాడు క్రొత్త ఊపిరి తీయరాదు. ఆ కొద్ది క్షణములలో అతని కాళ్ళు చేయు పని చాలవరకు జాలెనుండియు, ప్రాణవాయువు లేని మార్గముననే జరుగును. గీత దాటి తిరిగివచ్చి, ఏ పనియు లేక నిలిచినను, అతడు రొప్పుచునే యుండును. ఖర్చు ముగిసినది గాని బాకీ తీరలేదు. 1922వ సంవత్సరపు నోబెలు బహుమానమును మేయర్‌హాఫ్‌తో పంచుకొన్న ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ఏ. వి. హిల్ దీనికి ‘ప్రాణవాయు ఋణము’ అని పేరు పెట్టెను. ఆ బాకీకి మూలము లాక్టికామ్లమని ఆనాడు తలచిరి. తరువాతివారు ఆ పద్దును దిద్దిరి. జాలెను తిరిగి నింపుట, వేడెక్కిన దేహము, వేగము తగ్గని గుండె, ఇవన్నియు ఆ బాకీలో చేరును. లాక్టేటు విషమును కాదు. గుండె దానిని ఇంధనముగా వాడుకొనును, కాలేయము మరల గ్లూకోజుగా మార్చును. మరునాటి ఒళ్ళునొప్పులకు దోషి అది కాదు. అలవాటులేని పనిలో కండరపు పోగులకు తగిలిన సూక్ష్మమైన దెబ్బలే కారణము.

వరినాట్లు వేయువారు ప్రొద్దుననుండి సాయంత్రము వరకు పాట పాడుచు పనిచేయుట మనమెరిగినదే. వారి జమాఖర్చులు సరితూగుచుండును, బాకీ పడదు. వ్యాయామమును బలములో సగము వరకే చేయవలెననియు, ఊపిరి నోటికి వచ్చుటయే ఆ సగమునకు గుర్తనియు సుశ్రుతుడు చెప్పెను. మాటలాడగలిగి పాట పాడలేనంత శ్రమ మధ్యస్థ వ్యాయామమని నేటి వైద్యులందురు. పెద్దవారికి అట్టి వ్యాయామము వారమునకు కనీసము 150 నిమిషములు కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. నావలె కూర్చుండి వ్రాయువారు దీనిని గమనింపవలెను.

కాని ఆయాసమంతయు వ్యాయామము లేకపోవుట వలననే కలుగదు. నా తప్పు ఇక్కడనే యున్నది.

మెట్లమీద మాట జరిగిన ఆరు నెలలకు, సంక్రాంతి ముందు అరిసెల పిండి దంచుచు మా కోడలు రోలు దగ్గర కూలబడెను. ప్రభుత్వాసుపత్రిలో రక్తము పరీక్షించిరి. హిమోగ్లోబిన్ 7 గ్రాములు. గర్భవతి కాని స్త్రీకి కనీసము 12 ఉండవలెను. ఆ కాగితమును ఇంటికి తెచ్చి, ఆ రాత్రి నేను లెక్క కట్టితిని. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోయును. 14 గ్రాములున్నచో, నిమిషమునకు గుండె త్రోయు ఐదు లీటర్ల రక్తము సుమారు 940 మిల్లీలీటర్లు మోయును. 7 గ్రాములున్నచో 470 మాత్రమే. గాలి కొరతలేదు, ఊపిరితిత్తులు బాగున్నవి, గాదెలో ధాన్యమున్నది. మోయు బండ్లే సగము. ఆ లోటు పూడ్చుటకు గుండె ఎక్కువమార్లు కొట్టుకొనవలెను. అనగా తొమ్మిదవ మెట్టుమీద నిలిచిన ఆ పిల్ల గుండె, పదునెనిమిదవ మెట్టుమీద నిలిచి పరిహసించిన నా గుండెకంటె ఎక్కువ శ్రమించుచుండెను. దానిని నేను బద్ధకమంటిని.

కారణమును దూరము వెదకనక్కరలేదు. మా ఇంట అందరి తరువాత, మిగిలినది తినునది ఆమెయే. ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల భారత స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది.

వైద్యులు ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలిసిన మాత్రలిచ్చిరి. ఆకుకూరలు, పప్పులు తినుమనిరి. నిమ్మ, ఉసిరి తోడుగా నుండిన ఇనుము బాగుగా ఒంటబట్టుననియు, భోజనము కాగానే టీ త్రాగరాదనియు చెప్పిరి. ఆ మాత్రలోని ఫోలిక్ ఆమ్లమును 1945లో కృత్రిమముగా తయారుచేసిన బృందమును నడపినది ఎవరనుకొన్నారు? హార్వర్డు విడిచి లెడర్లే ప్రయోగశాలలకు పోయిన మన సుబ్బారావుగారే. ఆయన 1948లో, యాబదిమూడవ యేట, పరదేశమున మరణించెను. కండరపు నాణెమును కనుగొన్న చేయియే, రక్తపు లోటు తీర్చు మాత్రకును తోడ్పడినది.

కొన్ని నెలలకు మా కోడలి లెక్క 12 దాటెను. ఇప్పుడామె మెట్లన్నియు నిలువక ఎక్కును. నేనే క్రిందినుండి “మెల్లగా అమ్మా” అనుచుందును. ఆమె ఈ సభలో మూడవ వరుసలో కూర్చున్నది. ఆనాడు నవ్విన మిత్రులును ఇక్కడనే యున్నారు. నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే వెనుకకు తీసికొనవలెను. అమ్మా, ఆనాటి నా మాట తప్పు.

సభాసదులకు నా మనవి యొక్కటే. మీ ఇంట ఎవరైనను పనిలో ఆయాసపడినచో, బద్ధకమని పద్దు వ్రాయకముందు రక్తము పరీక్ష చేయింపుడు. ఇంటి ఆడవారిని అందరితో గూడ కూర్చుండి తిననిండు. ఒకరి ఖర్చు మనకు కంటికి కనబడును. వారి జమ కనబడదు. దానిని అడిగి తెలిసికొనవలెను.