పిల్లల సైకిలు గేరు లివరు: మరమ్మతు చేయాలా, మార్చాలా?



గేర్ల సైకిలు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉండే ఉంటుంది. మీ తమ్ముడో, చెల్లెలో తొక్కే 24 అంగుళాల చక్రాల మౌంటెన్ సైకిలును ఉదాహరణగా తీసుకుందాం. కొన్నాళ్లు వాడాక దాని గేర్లు మొరాయిస్తాయి. ఒక నంబరుకు తిప్పితే మరో గేరు పడుతుంది. ఎత్తు ఎక్కుతుంటే గేరు దానంతటదే జారిపోతుంది. పెడలు మీద బలంగా తొక్కుతున్న క్షణంలో అలా జరిగితే పిల్లలు పట్టు తప్పి పడిపోవచ్చు. పడకపోయినా, ఎత్తు రాగానే దిగి నెట్టుకుపోవలసి వస్తే వారికి సైకిలు మీదే విరక్తి పుడుతుంది. చివరికి మంచి సైకిలు మూలన పడుతుంది. "లివరు అరిగిపోయింది, కొత్తది వేయించాలి" అని ఇంట్లో అనుకుంటారు. ఆ మాట నిజమో కాదో ఎలా తేల్చాలి? నిజమైతే ఎలాంటి లివరు కొనాలి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతకడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందుగా గేర్ల వల్ల ఏం జరుగుతుందో చూద్దాం. 24 అంగుళాల చక్రం ఒకసారి తిరిగితే సైకిలు సుమారు 1.9 మీటర్లు ముందుకు పోతుంది. పెడళ్ల దగ్గర 24 పళ్ల చక్రం మీద, వెనుక 28 పళ్ల చక్రం మీద చైను ఉందనుకోండి. పెడలు ఒక చుట్టు తొక్కితే సైకిలు సుమారు 1.6 మీటర్లే కదులుతుంది. దూరం తక్కువ, కాబట్టి శ్రమా తక్కువే. ఎత్తు ఎక్కడానికి ఇది అనువు. అదే చైను ముందు 42 పళ్ల మీద, వెనుక 14 పళ్ల మీద ఉంటే ఒక్క చుట్టుకు 5.7 మీటర్లు పోతుంది. చదును రోడ్డు మీద ఇది హాయి. ఎత్తు మీద మాత్రం చిన్నపిల్లల కాళ్లకు మోయలేని భారం. అంటే గేరు మారకపోవడం పిల్లల బలానికి మూడున్నర రెట్ల తేడా తెచ్చే విషయం.

ఇక లివరు పని. హ్యాండిలు దగ్గర లివరు తిప్పితే సన్నని ఉక్కు వైరు లాగబడుతుంది. ఆ వైరు చివర వెనుక చక్రం దగ్గర డిరైలర్ అనే భాగం ఉంటుంది. అది చైనును ఒక పళ్ల చక్రం మీది నుంచి పక్కదాని మీదికి నెడుతుంది. వైరు లాగితే సాధారణంగా చైను పెద్ద పళ్ల చక్రం వైపు ఎక్కుతుంది. వైరు వదిలితే డిరైలర్‌లోని స్ప్రింగు దాన్ని చిన్న పళ్ల చక్రం వైపు తెస్తుంది. గుర్తుంచుకోండి, వైరు లాగగలదే గాని నెట్టలేదు. తిరుగు ప్రయాణం మొత్తం స్ప్రింగు బలం మీదే ఆధారపడుతుంది.

పాత రోజుల్లో లివరును ఎంత తిప్పాలో తొక్కేవారే చేతి అంచనాతో తేల్చుకునేవారు. 1984లో జపాన్‌కు చెందిన షిమానో కంపెనీ పోటీ సైకిళ్ల కోసం టిక్కు టిక్కుమని ఆగే లివర్ల పద్ధతిని తెచ్చింది. ఆ తర్వాత అదే పద్ధతి పిల్లల సైకిళ్ల దాకా వచ్చింది. లివరు లోపల వరుసగా గాట్లు ఉంటాయి. ఒక్కో గాటుకు ఒక్కో గేరు. వెనుక 7 పళ్ల చక్రాలుంటే వాటి మధ్య దూరం సుమారు 5 మిల్లీమీటర్లు. షిమానో తరహా డిరైలర్ వైరు కదలికకు సుమారు 1.7 రెట్లు కదులుతుంది. అంటే ఒక్కో టిక్కుకు లివరు లాగవలసిన వైరు దాదాపు 3 మిల్లీమీటర్లు మాత్రమే. ఈ 3 మిల్లీమీటర్ల లెక్కలోనే మన సమస్యకు తాళంచెవి ఉంది. దారిలో ఎక్కడైనా ఒక మిల్లీమీటరు పోయినా గేరు సరిగ్గా పడదు. ఆ మిల్లీమీటరు లివరులోనే పోయిందని చెప్పడానికి లేదు.

అందుకే కొత్త లివరు కొనే ముందు మూడు పరీక్షలు చేయండి. డిరైలర్ మీద చేయి పెట్టినప్పుడు వేళ్లు చైనుకు, చక్రపు పుల్లలకు దూరంగా ఉండాలి.

మొదటిది. సైకిలు వెనుక చక్రాన్ని నేలకు తగలకుండా ఎత్తి పట్టించండి. ఫ్రేము మీద బయటికి కనిపించే వైరును ఒక చేత్తో పక్కకు లాగుతూ, రెండో చేత్తో పెడలు ముందుకు తిప్పండి. చైను పెద్ద చక్రాల మీదికి ఎక్కి, వైరు వదలగానే తేలిగ్గా దిగితే డిరైలర్ పని చేస్తున్నట్టే. ఎక్కి, దిగడానికి బద్ధకిస్తే తుప్పు పట్టిన వైరునో, మురికి పట్టిన డిరైలర్‌నో అనుమానించాలి.

రెండవది. డిరైలర్ దగ్గర వైరును పట్టి ఉంచే బోల్టును వదులు చేసి వైరు విడదీయండి. వైరు కొసను బిగువుగా పట్టుకుని లివరును ఒక్కో టిక్కు తిప్పించండి. 7 గేర్లకు 6 టిక్కులు రావాలి. ప్రతి టిక్కులోనూ వైరు ఆగి నిలబడాలి. పట్టు తప్పి వెనక్కి జారితే లోపలి గాట్లు అరిగినట్టు. లివరు కదిలినా వైరు అసలు కదలకపోతే లోపలి కొక్కెం పట్టుకోవడం లేదన్నమాట.

మూడవది. సైకిలు వెనుక నిలబడి డిరైలర్‌ను చూడండి. దానిలోని రెండు చిన్న చక్రాలు వెనుక పళ్ల చక్రాలకు సమాంతరంగా, నిటారుగా ఉండాలి. సైకిలు కుడి పక్కకు పడితే ఆ భాగం లోపలికి వంగుతుంది. వంగిన దాన్ని వదిలేసి ఎన్ని లివర్లు మార్చినా ఫలితం ఉండదు.

వైరే దోషి అని తేలితే వైరుతో పాటు దాని పై తొడుగును, అంటే ఔటరును కూడా మార్చండి. గేరు వైరు సాధారణంగా 1.2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. దుకాణంలో గేరు ఔటరే అడిగి తీసుకోండి. బ్రేకు ఔటరులో తీగ స్ప్రింగులా చుట్టి ఉంటుంది, కాబట్టి లాగినప్పుడు కొద్దిగా నొక్కుకుపోతుంది. గేరు ఔటరులో తీగలు నిలువుగా ఉంటాయి, అది కుదించుకుపోదు. 3 మిల్లీమీటర్ల లెక్క ఇక్కడా వర్తిస్తుంది. అయితే గేరు ఔటరును బ్రేకుకు ఎన్నడూ వాడకూడదు. బ్రేకు గట్టిగా నొక్కినప్పుడు అది చీలిపోయే ప్రమాదం ఉంది.

బొటనవేలితో నొక్కే లివర్లలో కొక్కెం పట్టకపోవడానికి అరుగుదలే కారణం కానక్కరలేదు. లోపలి గ్రీజు ఎండి జిగురైపోతుంది. పలుచని స్ప్రే నూనె లోపలికి కొట్టి, లివరును పదే పదే ఆడిస్తే చాలాసార్లు ప్రాణం వస్తుంది. ఆ నూనె చక్రం అంచుకు, బ్రేకు రబ్బర్లకు తగలకుండా గుడ్డ అడ్డం పెట్టండి. చేత్తో తిప్పే పిడి రకంలో మాత్రం ప్లాస్టిక్ గాట్లు అరిగితే మరమ్మతు లేదు, మార్చవలసిందే.

మార్చేటప్పుడు నాలుగు విషయాలు సరిచూడండి. ఒకటి, వెనుక ఎన్ని పళ్ల చక్రాలుంటే అన్ని గేర్ల లివరే కావాలి. 21 గేర్లంటే ముందు 3, వెనుక 7. కుడి లివరు వెనుక గేర్లకు, ఎడమది ముందు గేర్లకు. రెండు, లివరూ డిరైలరూ ఒకే తరహావై ఉండాలి. వేర్వేరు కంపెనీల లివర్లు ఒక టిక్కుకు లాగే వైరు పొడవు వేరు కావచ్చు. మూడు, కొన్ని సైకిళ్లలో గేరు లివరు, బ్రేకు లివరు ఒకే ముక్కగా ఉంటాయి. అప్పుడు బ్రేకుకు సరిపోయేదీ చూడాలి. నాలుగు, అన్నిటికన్నా ముఖ్యం, పిల్లల చెయ్యి. తిప్పే పిడికి అరచేతి పట్టు, మణికట్టు బలం కావాలి. నొక్కే లివరుకు బొటనవేలు అందాలి, నొక్కగలగాలి. దుకాణంలోనే వారి చేత ఆడించి చూడండి. తిప్పే పిడి తీసి నొక్కే లివరు వేస్తే హ్యాండిలుకు పొడవైన రబ్బరు పిడి కూడా కొనాలి.

బిగించే పద్ధతి ఇది. పాత వైరు తీయండి. రబ్బరు పిడి లాగి, లివరు బిగింపు బోల్టు వదులు చేసి బయటికి తీయండి. కొత్తది తొడిగి బిగించండి. లివరును అతిచిన్న పళ్ల చక్రపు స్థానంలో, అంటే 7లో ఉంచి, వైరు ఎక్కించి, డిరైలర్ దగ్గర బిగువుగా లాగి బోల్టు బిగించండి. తరువాత ఒక్కో టిక్కు తిప్పి చూడండి. చైను పెద్ద చక్రం మీదికి ఎక్కడానికి వెనుకాడితే, ఔటరు చివర చేత్తో తిప్పే చిన్న సర్దుబాటు మరను పావు చుట్టు బయటికి విప్పండి. వైరు బిగుస్తుంది. దిగడానికి వెనుకాడితే లోపలికి తిప్పండి.

డిరైలర్ మీద ఉండే రెండు చిన్న స్క్రూలు చైను ఇటు ఫ్రేము వైపు, అటు చక్రపు పుల్లల వైపు పడకుండా హద్దు గీస్తాయి. చైను పుల్లల్లో పడితే చక్రం ఒక్కసారిగా ఆగిపోతుంది. అందువల్ల ఈ స్క్రూలు సరిగా ఉన్నాయని నిర్ధారించుకున్నాకే సైకిలు పిల్లలకు ఇవ్వండి. అనుమానముంటే మెకానిక్‌కు చూపించండి. బ్రేకులు రెండూ గట్టిగా నొక్కి చూసి, మొదట ఖాళీ మైదానంలో తొక్కించండి.

విద్యార్థులారా, సైన్సు ప్రయోగశాలలో ఒక్కో కారణాన్నీ విడదీసి పరీక్షించడం మీరు నేర్చుకుంటారు. సైకిలు దగ్గర చేసేదీ అదే. వైరు విడదీసిన ఆ ఒక్క నిమిషంలో తప్పు లివరుదా, వైరుదా, డిరైలర్‌దా తేలిపోతుంది. ఈ పరీక్షలు మీ తమ్ముడినో చెల్లెలినో పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. లివరు లోపల ఏం జరుగుతుందో తెలిసిన పిల్లలు పెడలు మీద బరువు తగ్గించి, ఎత్తు రాకముందే గేరు మారుస్తారు. కొత్త లివరు ఎక్కువ కాలం మన్నడానికి అంతకు మించిన ఉపాయం లేదు.