చల్లని చేయి



ఈ సభకు వచ్చుచు బత్రా సినిమా కూడలిని దాటునప్పుడు నాకు ఆకాశము కంటె శిక్షణశాలల ఫలకములే ఎక్కువగా కనబడినవి. ఢిల్లీలోని ఈ ముఖర్జీ నగరమున పరీక్షయనునది తిథి కాదు, వృత్తి. ఇచ్చటి ఇరుకు అద్దెగదులలో యౌవనమును దానికే ధారవోయు తెలుగు బిడ్డలును లేకపోలేదు. కావున వైద్య, నర్సింగు పట్టములు పుచ్చుకొని వెడలుచున్న మీతో పరీక్షను గూర్చియే ముచ్చటింప దలచితిని.

1990లో జార్జి మిల్లర్ అను ఆచార్యుడు వైద్యుని సామర్థ్యమును నాలుగంతస్తుల పిరమిడ్డుగా చిత్రించుచు, తెలిసియుండుటను అడుగున నుంచి, తెలిసినదానిని ప్రయోగింప నెరుగుట, చేసి చూపుట యను మెట్ల మీదుగా, నిత్యవృత్తిలో రోగి యెదుట యథార్థముగా చేయుటను శిఖరమున నిలిపెను. కంప్యూటరుపై జరుపు పరీక్ష ఆ పిరమిడ్డు క్రింది రెండంతస్తులను సులువుగా ఎక్కినది. పరిశోధకులలో పెక్కురు దానితోపాటు అచ్చటనే ఆగిరి, ఏలయన మార్కులను లెక్కించుట తేలిక, స్పర్శను లెక్కించుట దుష్కరము.

ఆ మార్కుల లెక్కయైనను నిర్వివాదము కాదు. 2024 ఆగస్టు 11న వైద్య పీజీ ప్రవేశపరీక్షయగు నీట్ పీజీని రెండు పూటలుగా, రెండు ప్రశ్నపత్రములతో జరిపి, ఉదయము వ్రాసినవారిని మధ్యాహ్నము వ్రాసినవారితో గణితసూత్రముచే సరితూచబూనగా, ఆ తక్కెడపై నమ్మకము చాలక అభ్యర్థులు న్యాయస్థానము నెక్కిరి. 2025 మే 30న సుప్రీంకోర్టు ఒకే పూట జరుపుడని ఆదేశింపగా, ఆ యేటి పరీక్ష ఆగస్టు 3న అట్లే జరిగెను.

మూడవ అంతస్తునకు, రోనాల్డ్ హార్డెన్ 1975లో డండీ నుండి ప్రకటించిన ఓస్కీ పద్ధతియే నేటికిని శరణ్యము: ఒక్కొక్క స్థానమున ఒక్కొక్క పని, ప్రక్కన పరిశీలకుడు. అమెరికావారు మాత్రము కోవిడ్ వేళ ఆపిన ఈ తరహా నైపుణ్యపరీక్షను 2021 జనవరిలో శాశ్వతముగా ఎత్తివేసిరి. 2023లో చాట్‌జీపీటీ అమెరికా వైద్య లైసెన్సు పరీక్షాప్రశ్నలలో ఉత్తీర్ణతకు చేరువగా నిలిచినదని ఒక అధ్యయనము వెలువడెను. యంత్రము నెగ్గగలదానిని ఉంచుకొని, నెగ్గలేనిదానిని విడనాడుట నాకు విచిత్రముగా తోచును.

మన 2019 ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక, విద్యార్థి పనిని గురువు చూచి సంతకము చేయు లాగ్‌బుక్కును తెచ్చినది. ఆ సంతకములు కొన్నిచోట్ల ఏడాది చివర ఒక్క రాత్రిలో పడునని మీకు తెలియును, నవ్వకుడు. రోగి మంచము ప్రక్కనే, ఆ క్షణముననే, గురువు ఫోనులో తన మాటను నమోదు చేయు ఏర్పాటే ఆన్‌లైన్ మూల్యాంకనమునకు మేలైన బాట యని నా మతము.

అట్టి మాట ఎట్లుండవలెనో నేను విద్యార్థిగా నున్నప్పుడే నేర్చితిని. నా ప్రాక్టికల్ పరీక్ష జనవరి చలిలో జరిగినది. రోగి పొట్టపై చేయి మోపి, కాలేయము రెండు వ్రేళ్ల మేర పెరిగినదని చెప్పితిని, అది సరియే. పరీక్షకులు నా వంక చూడక రోగినడిగిరి: "ఏమయ్యా, అబ్బాయి చేయి చల్లగా ఉన్నదా?"

రోగి మొగమాటముగా తల యూపెను.