పిల్లి గడ్డమున మొటిమలు: చికిత్స, నివారణ
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమునకును, పిల్లి గడ్డమునకును సంబంధమేమని కొందరు నవ్వుకొనవచ్చును. సంబంధము లేకపోలేదు. పుస్తకమునకు పుట్టు శత్రువులు మూడు: చెమ్మ, చెదలు, ఎలుక. చెమ్మకు ఎండ కలదు. చెదలకు మందు కలదు. ఎలుకకు తరతరములుగ పిల్లియే మందు. 1745లో రష్యా మహారాణి ఎలిజబెత్ తన రాజప్రాసాదమున ఎలుకల బాధ తీర్చుటకై కజాను నగరమునుండి పిల్లులను పంపవలసినదని ఆజ్ఞాపత్రము వెలువరించెను. సెంట్ పీటర్స్‌బర్గులోని హెర్మిటేజ్ మ్యూజియమునందు నేటికిని పిల్లులను పోషించుచున్నారు. 1868లో లండను తపాలాశాఖవారు మనియార్డరు కార్యాలయమున కాగితములను ఎలుకలు కొరుకకుండ మూడు పిల్లులను నియమించి, వాని పోషణమునకు వారమునకొక షిల్లింగు మంజూరు చేసిరి. గాదెలోని ధాన్యమును, బీరువాలోని పుస్తకమును కాచు ఈ ప్రాణికి మన పల్లెలలో జీతము లేదు. గుక్కెడు పాలు, చేపముల్లు చాలును.

ఇట్టి సేవకురాలి గడ్డముక్రింద నల్లని మచ్చలును, పుండ్లును కనబడినప్పుడు ఇంటివారు సాధారణముగ రెండు పనులలో నొకటి చేయుదురు. గజ్జిపిల్లియని గోతాములో వేసి ఊరవతల విడిచివత్తురు. లేదా కిరసనాయిలో, ఫినాయిలో చేతికందినది పూయుదురు. మొదటిది అనవసరము, రెండవది ప్రాణాంతకము. ఆ మచ్చలలో అనేకము గజ్జి కానేకావు. అవి మొటిమలు.

రోగ స్వరూపము

పిల్లికి క్రిందిపెదవి అంచునను, గడ్డము మీదను తైలగ్రంథులు అధికముగ నుండును. అది గడపకమ్మికిని, మంచపుకోడుకును, ఇంటివారి కాళ్లకును గడ్డము రాచుట ముద్దుకొరకు మాత్రమే కాదు. ఆ గ్రంథులయందు ఊరు జిడ్డువాసనతో తన చోటునకు గురుతు పెట్టుకొనుటయు అందలి ఉద్దేశము. ఆ జిడ్డును, చర్మమునుండి రాలు మృతకణములును రోమకూపమునందు కూడి బిగుసుకొనినప్పుడు కూపము మూసుకొనిపోవును. గాలి సోకిన కొన నల్లబడును. చూచువారికి గడ్డము మీద మిరియపుపొడి చల్లినట్లును, పొయ్యిమసి అంటినట్లును తోచును. ఈ దశలో పిల్లికి నొప్పి యుండదు, దురద యుండదు. మూతి నాకి తుడుచుకొను జంతువైనను నాలుక తన గడ్డమునకు అందదు. తడిపిన ముంగాలితో రాచుకొనుటయే గతి. అందుచేత అక్కడ మురికి సులభముగ నిలుచును.

మూసుకొనిన కూపము చర్మములోపల పగిలినచో రెండవ దశ ఆరంభమగును. సూక్ష్మజీవులు చేరి ఎర్రని పొక్కులు లేచును, చీము పట్టును, వెంట్రుకలు రాలును, గడ్డము వాచును. పిల్లి గోకికొని నెత్తురు కార్చుకొనును. నొప్పి ముదిరినచో మేత మానివేయును.

ఈ వ్యాధి ఏ వయస్సుననైనను, ఆడ మగ భేదము లేక రావచ్చును. మూలకారణము ఇదమిత్థమని నిర్ణయింపబడలేదు. జిడ్డు అధికముగ ఊరుట, శుభ్రత తగ్గుట, మురికి గిన్నెలు, ప్లాస్టికు పాత్రలు, బెదురు, సరిపడని పదార్థములు మున్నగునవి దోహదము చేయునని పశువైద్యులు భావింతురు. కొన్ని పిల్లులకు ఒకమారు వచ్చి పోవును. కొన్నింటికి మరల మరల వచ్చును. ఇది ఇతర పిల్లులకు గాని, మనుష్యులకు గాని అంటునది కాదు.

పోలిక గల ఇతర వ్యాధులు

గడ్డము మీది మచ్చలన్నియు మొటిమలే యనుకొనుటయు ప్రమాదమే. మొదటిది, వెంట్రుకలలో ఎగిరి తిరుగు చిన్న పురుగుల మలము. అదియు నల్లని పొడివలెనే యుండును. ఆ పొడిని తడిపిన తెల్లగుడ్డపై రాల్చినచో ఎర్రని మరక దిగును. ఏలననగా అది జీర్ణమైన నెత్తురు. మొటిమ అట్లు రాలదు, మరక చేయదు.

రెండవది తామర. వెంట్రుకలు గుండ్రముగ ఊడి, పొట్టు లేచును. ఇది పిల్లినుండి పిల్లలకు అంటును. ఒళ్లో పిల్లిని పెట్టుకొని ఆడుకొను పసివారి చేతులమీదను, మెడమీదను ఉంగరమువంటి మచ్చలు వచ్చినచో, బిడ్డను వైద్యునకును పిల్లిని పశువైద్యునకును చూపవలెను. అంగడిలో అడిగి తెచ్చిన తామర మందు పూయరాదు. అట్టి మందులు కొన్నింట స్టిరాయిడ్ కలిసియుండును. అది రోగమును మరుగుపరచి ముదిరించును.

మూడవది నిజమైన గజ్జి. ఇది తరచు చెవుల అంచులనుండి ముఖమునకు ప్రాకి, తీవ్రమైన దురదతో దళసరి పొక్కులు కట్టును. పోట్లాటలో కరచుకొనిన గాయము గడ్డగట్టుటయు, ముసలి పిల్లులకు వ్రణములు లేచుటయు కలదు. వీనిని కంటితో మాత్రమే నిర్ణయింపరాదు. పశువైద్యుడు చర్మమును కొద్దిగ గీకి సూక్ష్మదర్శినిలో చూచి తేల్చును. పశువైద్యశాల ఎడ్లకును గేదెలకును మాత్రమేయను భ్రమ విడువవలెను.

చికిత్స

నల్లమచ్చలు మాత్రమే యున్నచో శుభ్రతయే చికిత్స. మణికట్టు లోపలివైపున పోసికొనిన ఓర్చుకొనదగిన గోరువెచ్చని నీటిలో మెత్తని నూలుగుడ్డ తడిపి, పిండి, గడ్డమునకు కొన్ని నిమిషములు ఆనించి పట్టవలెను. దినమునకు రెండుమారులు చాలును. తరువాత పొడిగుడ్డతో అద్దవలెను, రుద్దరాదు. మొటిమలను గోళ్లతో నొక్కరాదు. నొక్కినచో లోపల పగిలి రెండవ దశను కొనితెచ్చును.

చీము, వాపు, నొప్పి యున్నచో ఇంటిలో జాగు చేయరాదు. పశువైద్యుడు వెంట్రుకలు కత్తిరించి, క్లోర్‌హెక్సిడిన్ వంటి మందునీటితో కడిగి, అవసరమైనచో పూతమందును, లోపలికి మందును ఇచ్చును. చెప్పిన దినములన్నియు మందు వాడవలెను. పైకి మానినట్లు తోచగానే ఆపినచో వ్యాధి తిరుగబెట్టును. మనుష్యుల మొటిమలకు వాడు లేపనములు పిల్లి చర్మమును మండించును. వైద్యుడు చెప్పక వానిని ముట్టరాదు.

చేయరాని పనులను మరింత గట్టిగ చెప్పవలసియున్నది. కిరసనాయిలు, ఫినాయిలు, టర్పెంటైను, నీలగిరి తైలము, తలనొప్పి బాములు పిల్లికి విషములు. గడ్డమునకు పూసిన దానిని ముంగాలితో తుడుచుకొని, ఆ కాలిని నాకును. పూత కడుపులోనికి చేరును. మనుష్యుని కాలేయము విరిచివేయగల అనేక పదార్థములను పిల్లి కాలేయము విరువజాలదు. జ్వరమునకు మనుష్యులు మ్రింగు పారాసిటమాల్ బిళ్ల ఒక్కటి పిల్లి ప్రాణము తీయగలదు. కుక్కల పురుగులకు వాడు పెర్‌మెత్రిన్ మందును అట్టిదే. పసుపు నూనెలో కలిపి పట్టించుటయు మేలు చేయదు; మూసుకొనిన రంధ్రమునకు నూనె మరియొక మూతయగును.

చికిత్స చేయువారు పిల్లిని పాతతువ్వాలులో చుట్టి పట్టవలెను. అది కరచినను, రక్కినను, గాయమును సబ్బుతో ధారగ పడు నీటిక్రింద పదిహేను నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి పిచ్చికుక్క వ్యాధికి టీకా విషయమడుగవలెను. ఆ వ్యాధి పిల్లికాటు వలనను రాగలదు. గాయముపై పసుపు, కారము, సున్నము పెట్టరాదు.

నివారణ

పల్లెలలో పిల్లికి పాలు పోయునది కొబ్బరిచిప్పలోనో, పగిలిన మట్టిమూకుటిలోనో, పాత ప్లాస్టికు డబ్బామూతలోనో. పెట్టినది మొదలు వానిని కడుగువారు లేరు. గీతలలోను, పగుళ్లలోను జిడ్డును, సూక్ష్మజీవులును నిలిచి, త్రాగినప్పుడెల్ల గడ్డమునకు అంటును. వాని బదులు లోతు తక్కువయై వెడల్పైన స్టీలు పళ్లెమో, పింగాణీ సాసరో వాడవలెను. దినదినము సబ్బుతోను, వేడినీటితోను కడుగవలెను. రెండు పిల్లులున్నచో పాత్రలు వేరుగ నుండవలెను. పాలు త్రాగి, చేపపులుసు నాకిన తరువాత గడ్డమును తడిగుడ్డతో తుడువవలెను. పడుకొను గోనెపట్టాను ఉతికి ఎండవేయవలెను. పాత్ర మార్చినంతనే ప్రతి పిల్లికిని నయమగునని చెప్పుటకు వీలులేదు. అయినను వ్యయము లేని ఈ జాగ్రత్తవలన నష్టమేమియు లేదు.

వారమునకొకమారు పిల్లి గడ్డమెత్తి చూచుట ఇంటిలోని పిల్లలకు అప్పగింపదగిన పని. నల్లమచ్చ కనబడిననాడే గుర్తించినచో గోరువెచ్చని నీటితో పోవును. ఆలసించినచో మందులు కావలెను. గోతాములో కట్టి ఊరవతల విడువబడిన పిల్లి ఆకలితోనో, కుక్కల వాతనో చచ్చును; దాని ఇంటిలో ఎలుకలు పెరుగును. 25 సంవత్సరములుగ ఈ గ్రంథాలయమున అక్షరములు చదివిన చేతులు ఒక మూగజీవి గడ్డమును శ్రద్ధగ తుడువనేర్చినచో, ఆ చదువు ఇంటిగడప దాటి లోనికి వచ్చినట్లే.