రూపాయి పల్స్ చాక్లెట్ వెనకాల ఉన్న జర్దా కథ

ఈ రోజు ఎపిసోడ్‌ని ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. పల్స్ చాక్లెట్ తిన్నారా ఎప్పుడైనా? పచ్చి మామిడికాయ రుచి, చప్పరిస్తూ ఉంటే మధ్యలో దాచిన ఉప్పు మసాలా ఒక్కసారిగా నాలుక మీద పడుతుంది. తిననివాళ్లు ఉంటే కామెంట్‌లో చెప్పండి, నేనైతే నమ్మను.

ఇప్పుడు మా శామీర్‌పేటలో ఏదైనా పాన్ డబ్బా ముందు నిలబడండి. కింద సీసాలో పల్స్. తల ఎత్తితే దండల్లాగా వేలాడుతూ రజనీగంధ పాన్ మసాలా. అడిగితే లోపల నుంచి తులసి జర్దా. ఇంటికెళ్తే డైనింగ్ టేబుల్ మీద క్యాచ్ ఉప్పు డబ్బా. ఈ నాలుగూ ఒకే కంపెనీవి. ధరమ్‌పాల్ సత్యపాల్, షార్ట్‌గా డీఎస్ గ్రూప్. పొగ లేని పొగాకుతో పెద్దదైన కంపెనీ మన వంటింటి దాకా ఎలా వచ్చింది? అదే ఈ రోజు కథ.

1929. పాత ఢిల్లీ, చాందినీ చౌక్. లాలా ధరమ్‌పాల్ అనే ఆయన అక్కడ ఒక చిన్న అత్తర్ల దుకాణం పెట్టారు. అవును, అత్తర్లే. పొగాకు కంపెనీ కథ సువాసన దగ్గర మొదలవడం ఏంటి అంటారా? ఇక్కడ కొంచెం ఆగి, జర్దా అంటే ఏంటో చూడాలి.

మన ఊళ్లల్లో పెద్దవాళ్లు అరచేతిలో పొగాకు వేసుకుని, సున్నం కలిపి, బొటనవేలితో నలిపి పెదవి కింద పెట్టుకుంటారు కదా, అది ఖైనీ. ముతక సరుకు. జర్దా అలా కాదు. పొగాకు ఆకుని ముక్కలు చేసి, సున్నం, మసాలాలతో ఉడికించి, ఆరబెట్టి, రంగు పట్టించి, ఆ తర్వాత వాసనలు ఎక్కిస్తారు. ఏలకులు, మొగలిపువ్వు, కుంకుమపువ్వు. జర్ద్ అంటే ఫారసీలో పసుపు రంగు, పేరు అక్కడి నుంచే వచ్చింది. పొగాకు ఘాటుని దాచేది ఆ వాసనే. అంటే జర్దా వ్యాపారంలో అసలు పనితనం ఆకులో లేదు, అత్తరులో ఉంది. ఆ పనితనం చాందినీ చౌక్ దుకాణంలో ముందే ఉంది. కొడుకు సత్యపాల్ దాన్ని పట్టుకున్నారు. అప్పటిదాకా తూకానికి అమ్మే సరుకు, పేరున్న డబ్బాలోకి వచ్చింది. తులసి అలా వచ్చిన బ్రాండే.

నేను కోడ్ రాసిన రోజుల భాషలో చెప్పాలంటే బ్యాకెండ్ ఒకటే, ఫ్రంటెండ్ మారుతూ వచ్చింది. 1983లో రజనీగంధ. అప్పటికే కాన్పూర్ నుంచి పాన్ పరాగ్ వచ్చి, పాన్ కట్టించుకునే ఓపిక లేనివాళ్లకి వక్క, కాచు, సున్నం, సువాసన అన్నీ పొడిగా డబ్బాలో దొరకడం అలవాటు చేసింది. 1987లో క్యాచ్, టేబుల్ మీద చల్లుకునే ఉప్పు. 2015లో పల్స్. ఎనిమిది నెలల్లో వంద కోట్ల అమ్మకాలని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. రూపాయి చాక్లెట్‌తో! బిజినెస్‌గా చూస్తే తెలివైన కంపెనీ, అందులో డౌట్ లేదు. కానీ నా ఇబ్బంది వేరే చోట ఉంది.

పొగాకు యాడ్స్‌ని మన దేశంలో 2003 చట్టం ఆపేసింది. పాన్ మసాలాలో పొగాకు లేదు కాబట్టి దాని యాడ్ టీవీలో, క్రికెట్ మ్యాచ్‌లో, మీ ఫోన్‌లో దర్జాగా వస్తుంది. సరే, ఇంకో నియమం చూడండి. 2011 ఆహార భద్రత నిబంధనల ప్రకారం తినే పదార్థంలో పొగాకు గానీ నికోటిన్ గానీ కలపకూడదు. గుట్కా అంటేనే ఆ రెండూ కలిపిన పొట్లం. 2012లో మధ్యప్రదేశ్ ముందు నిషేధించింది, 2013 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా. తెలంగాణ 2024 మేలో మళ్లీ ఏడాదికి ఉత్తర్వు ఇచ్చింది.

మరి మార్కెట్ ఏం చేసింది? కలిపి అమ్మకూడదు అన్నారు కాబట్టి విడివిడిగా అమ్మింది. ఒక పొట్లం పాన్ మసాలా, పక్కన చిన్న పొట్లం జర్దా. కలిపేది కొనేవాడు. ఒక డబ్బాలో నేను పాన్ మసాలా ఒక్కటే అడిగితే, ఆ అన్న "తమ్మీ, రెండోది వద్దా?" అన్నాడు, టీతో బిస్కెట్ అడిగినట్టు. ఈ జంట పొట్లాల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2016లో కోర్టు నిషేధాన్ని గట్టిగా అమలు చేయమంది. అయినా దండలు వేలాడుతూనే ఉన్నాయి.

ఇంకోటి. విద్యాసంస్థకి 100 గజాల లోపల పొగాకు అమ్మకూడదని అదే 2003 చట్టం చెప్తుంది. మా శామీర్‌పేట వైపు నల్సార్ ఉంది, బిట్స్ ఉంది, స్కూళ్లు, ఇంజినీరింగ్ కాలేజీలు లెక్కలేనన్ని. రేపు కాలేజీ గేటు దగ్గర అడుగులు లెక్కపెట్టి చూడండి, సరదాగా.

సిగరెట్ గురించి అందరం మాట్లాడతాం. కానీ 2016-17 జాతీయ సర్వేలో పొగ తాగే పెద్దవాళ్లు దాదాపు 10 కోట్లు, నమిలేవాళ్లు, పెదవి కింద పెట్టుకునేవాళ్లు దాదాపు 20 కోట్లు. డబుల్. పొగ కనపడదు, వాసన బాగుంటుంది, ఇంట్లో తెలియదు.

"నేను జర్దా వేసుకోను బ్రో, ఒట్టి పాన్ మసాలానే" అనేవాళ్లకి ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందున్న క్యాన్సర్ పరిశోధన సంస్థ వక్కని కూడా క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి జాబితాలో పెట్టింది, పొగాకు కలవకపోయినా సరే. ఏళ్ల తరబడి వక్క నమిలితే బుగ్గల లోపలి చర్మం గట్టిపడిపోతుంది. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. నోరు తెరుచుకోదు. నా బీటెక్ బ్యాచ్‌లో ఒకడికి ఇప్పుడు మిర్చి బజ్జీ తుంచకుండా నోట్లో పట్టదు, కారం తగిలితే కళ్లల్లో నీళ్లు. వాడి వయసు ఇరవై ఎనిమిది. వాడు జర్దా ఎప్పుడూ వేసుకోలేదు.

వీడియో పాజ్ చేసి ఒక పని చేయండి. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు కలిపి నిలువుగా నోట్లో పెట్టి చూడండి. మామూలుగా మూడూ పట్టాలి. రెండే పడితే, లోపల తెల్ల మచ్చ గానీ మానని పుండు గానీ ఉంటే డెంటల్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఈ వారమే. మానేయాలనుకుంటే ప్రభుత్వ ఉచిత నంబరు 1800-11-2356. పొగాకు పొట్లం మీదే ప్రింట్ చేసి ఉంటుంది, ఎవరూ చదవరు అంతే.

వచ్చే ఎపిసోడ్‌లో మన హైదరాబాద్ సరుకు, చార్మినార్ సిగరెట్ కథ. ఉంటాను మరి.