చల్లదనము వేఱు, గాలి వేఱు



వైశాఖ జ్యేష్ఠ మాసములయందు గిలకలదిండి రేవునుండి బందరు మీదుగా బెజవాడ ఆసుపత్రికి కారులో పోవు వృద్ధులకు చల్లగాలి మిక్కిలి యావశ్యకము. బందరునుండియే బెజవాడ ఇంచుమించు 70 కిలోమీటర్లు. త్రోవలో గాలి మందగించినచో, “గ్యాసు తగ్గినది, నింపింపుడు” అను మాట తఱచు వినబడును. గ్యాసు నింపింతురు, ధనము వ్యయమగును. గాలి మాత్రము పెరుగదు. ఏల?

కారులో రెండు పనులు వేర్వేఱుగా జరుగుచున్నవి. కంప్రెసరు గ్యాసును నొక్కి నడపుటచే డాష్‌బోర్డు వెనుకనున్న కూలింగు కాయిలు చల్లబడును. బ్లోయరు అను విద్యుత్తు పంకా, గాలిని ఆ కాయిలు మీదుగా మనకు త్రోయును. కావున గాలి బలముగా వచ్చుచు చల్లగా లేనిచో కంప్రెసరును, గ్యాసును విచారింపవలెను. గాలి చల్లగా నుండియు పలుచగా వచ్చినచో గాలి దారిని విచారింపవలెను.

బందరు కాలువ శివారున సేద్యము చేయువారికి ఈ విచారణ క్రొత్త గాదు. చేనికి నీరందనిచో, కాలువ పూడినదా, తూము మూతపడినదా, ఎగువనే కొఱతయా యని వరుసగా చూతురు గదా!

మొదటిది పూడిక. గాలి దారిలో కాగితపు ఫిల్టరొకటి యుండును. పెక్కు కార్లలో ఇది డ్రైవరు ప్రక్కన కూర్చుండువారి ముందరి సొరుగు వెనుక నుండును. నూర్పిళ్ల దుమ్ము, ఊక దీనిని మూసివేయును. పంకా నాపి ఫిల్టరును తీసి, మఱల పంకాను తిప్పి చూడుడు. గాలి విసురుగా వచ్చినచో దోషము దొరకినట్లే. కాగితపు ఫిల్టరును నీట కడుగరాదు, క్రొత్తది వేయవలెను. ముందరి అద్దము క్రింది జాలిలో ఆకులు పేరుకొన్నను గాలి తగ్గును.

రెండవది పంకా. హెచ్చు వేగమున మాత్రమే తిరిగినచో సామాన్యముగా రెసిస్టరు చెడినదని గ్రహింపవలెను. అన్ని వేగములందును నీరసించి మూలిగినచో మోటారు అరిగియుండును. లేదా తీగెల కొనలకు చిలుము పట్టియుండును. ఉప్పుగాలి తగులు తీరమున ఈ చిలుము సంగతి మఱువరాదు.

మూడవది లోపలి తలుపులు. పంకా హోరు వినబడుచు, గాలి మొగమునకు రాక పాదములకో అద్దమునకో పోయినచో తలుపు చిక్కుకొనియుండును.

నాలుగవది మంచు. మొదట బాగుగా వచ్చిన గాలి అరగంటకు సన్నగిల్లినచో, కాయిలు మీద మంచు పేరుకొనియుండవచ్చును. ఏసీ మీటను మాత్రమాపి, పంకాను పదిహేను నిమిషములు తిరుగనిండు. గాలి మఱల వచ్చినచో నిదియే కారణము. ఫిల్టరు మూతపడుటయు, చల్లదనమును కనిపెట్టు సెన్సారు చెడుటయు, గ్యాసు తగ్గుటయు దీనికి హేతువులు కావచ్చును. గ్యాసు వాడుకచే తఱుగునది కాదు. తగ్గినచో లీకు వెదకి బాగుచేయించిన పిదపనే నింపింపవలెను.

వానకాలమున అద్దముపై మసకను పోగొట్టి త్రోవ చూపునదియు ఈ గాలియే. కావున దీనిని ఉపేక్షింపరాదు. మెకానిక్కు వద్దకు పోయినపుడు “ఏసీ చెడినది” యని యూరక చెప్పక, తగ్గినది గాలియా చల్లదనమా, ఏ వేగమున తగ్గినది, ఎంతసేపటికి తగ్గినది యని వివరింపుడు. లక్షణములు సరిగా చెప్పినచో సగము వైద్యము జరిగినట్లే.