డ్రా డబ్బాల మన పేరు పడిందా?

(అంబేద్కర్ జయంతి నాడు పాలమూరు ప్రాంతంలోని ఒక వాడలో ఒక బడిపంతులు చేసిన ప్రసంగం. రాసుకొచ్చిన కాగితం కొంత, అప్పటికప్పుడు మాట్లాడింది కొంత. దిద్దకుండ ఇస్తున్నం.)



నాకిచ్చిన అంశం "అంబేద్కర్ ఆశయాలు". దాని మీద నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు చాలా చెప్పిండ్రు. నేను ఒక్క ఇంటి సంగతే మాట్లాడుత. పొద్దున విగ్రహానికి దండేసి మెట్లు దిగుతుంటే మా అమ్మ పదిమందిల నన్ను నిలబెట్టి అడిగింది: "కొడుకా, ఊరందరి కాగితాలు రాస్తవు. నీ చెల్లెకు పట్నంల డబల్ బెడ్‌రూం ఎందుకు రాలె? దాని నొసట రాసిపెట్టి లేదంటున్నరు. నిజమేనా?" నేను తలకాయ దించుకొని వచ్చిన. పదిమందిల అడిగింది కాబట్టి పదిమందిలనే జవాబు చెప్పాలె.

ఇల్లు దొరకకపోవుడంటే ఏందో బాబాసాహెబ్‌కు బాగ తెలుసు. 1917లో అమెరికాలో, లండన్‌లో చదివొచ్చి బరోడా సంస్థానంలో నౌకరికి చేరిండు. అంత చదువుకున్నాయనకు ఆ ఊర్లె ఉండటానికి ఒక్క అర్ర దొరకలె. చివరికి ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించి దిగిండు. పదకొండో రోజు కట్టెలు పట్టుకొని మనుషులు మీదికొచ్చిండ్రు. సత్రాన్ని మైల చేసినవు, సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమన్నరు. తెలిసిన దోస్తులను అడిగితే వాళ్ళు కూడా ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నరు. రైలు టైం అయ్యేదాక ఒక తోటలో కూసొని, రాత్రి రైలెక్కి బొంబాయికి మర్లిపోయిండు. ఇంతమంది విగ్రహానికి దండలేస్తున్నం, ఆ మనిషి సామాను పక్కన పెట్టుకొని తోటల కూసున్న ఆ సాయంత్రాన్ని మాత్రం ఎవ్వరం తలుచుకోం.

నాది అంత పెద్ద కథ కాదు. నౌకరి వచ్చిన కొత్తల మండలంల కిరాయి ఇల్లు వెతికిన. ఇంటాయన అర్రలు చూపిచ్చిండు, నల్లా చూపిచ్చిండు, కిరాయి చెప్పిండు, నేను అడ్వాన్సు తీస్తున్న. అప్పుడు అడిగిండు, "సార్, ఏమనుకోవద్దు, మీరేమోళ్ళు?" చెప్పిన. "అయ్యో, మా తమ్ముడు వస్త అన్నడు సార్, మర్చిపోయిన" అన్నడు. ఆ తమ్ముడు ఆర్నెల్ల దాక రాలె, ఆ ఇంటికి టులెట్ బోర్డు అట్లనే ఉన్నది. నేను రోజూ ఆ తొవ్వలనే బడికి పోయేది.

ఇదంతా ఎందుకు చెప్తున్ననంటే, మన సంఘంల కొందరు తమ్ముళ్ళు "లాటరీ ఏందన్నా, ఇది పేదోళ్ళతోటి జూదం" అని కొట్టిపారేస్తున్నరు. తొందరపడొద్దు. కంప్యూటర్ "మీరేమోళ్ళు" అని అడగదు. దరఖాస్తుల కులం గడి ఉంటది నిజమే, అది ఇచ్చేటందుకు అడుగుడు, ఎల్లగొట్టేటందుకు కాదు. ఇంతకుముందు ఇల్లు రావాలంటే ఏం చేసేవాళ్ళం? పటేలు గడప ముందట నిలబడేది. ఎవరు ఎట్టిపని ఎక్కువ చేస్తే వాళ్ళ పేరు ముందు రాసేది. ఎన్టీరామారావు కాలంల మన వాడకు వచ్చిన కాలనీ ఇండ్లు ఎక్కడ కట్టిండ్రు? వాగు ఒడ్డుకు. ఊరు ఊరికాడనే ఉన్నది, వాడ ఇంకింత దూరం జరిగింది, మీదికెళ్ళి సర్కారు బోర్డు పెట్టి. డ్రాల అట్ల కుదరదు. ఏ బ్లాకు, ఏ అంతస్తు, ఏ నంబరు అన్నది ఎవ్వరి చేతుల లేదు. మాదిగోళ్ళ ఇంటి ఎదురుంగ కాపోళ్ళ ఇల్లు పడొచ్చు, పైన సాయిబులు, కింద చాకలోళ్ళు. అందరికి ఒకటే మెట్లు, ఒకటే నీళ్ళ ట్యాంకు. ఏ ఊరి పెద్దా మనసుపెట్టి చెయ్యని పని ఒక చీటి చేస్తది. నా మటుకు నేను దీన్ని చిన్నగ చూడను.

మరి ఎక్కడ దెబ్బ తింటున్నం? దానికి లెక్క చెప్పాలె. పంతులును గద, లెక్క చెప్పకుండ ఉండలేను.

2015లో తెలంగాణ సర్కారు డబల్ బెడ్‌రూం పథకం తెచ్చింది. 560 చదరపు అడుగుల ఇల్లు, ఇల్లాలి పేరు మీద, పైసా అప్పు లేకుండ. పల్లెల్లో ఎస్సీ, ఎస్టీలకు కలిపి 50 శాతం, పట్నాలల్ల ఎస్సీలకు 17, ఎస్టీలకు 6 శాతం అన్నరు. హైదరాబాద్‌కు లక్ష ఇండ్లు అని చెప్పిండ్రు. దరఖాస్తులు ఏడు లక్షలు దాటినయి. 2023 ఆగస్టు 24న కంప్యూటర్ డ్రా మొదలైంది, సెప్టెంబరు 2న ఇండ్లు పంచుడు మొదలైంది. ఎన్నికలు ముంగట కనబడుతుండె, అది మీకు నేను చెప్పనక్కర లేదు.

ఏడు చింతగింజలు డబ్బాల వేసి, ఒక్కదానికి సున్నం బొట్టు పెట్టి, కండ్లు మూసుకొని తియ్యమంటే ఐదో తరగతి పిల్లగాడు కూడ చెప్తడు, నాకు దొరికే ఆశ ఏడిట్ల ఒకటి అని. అందరూ ఈ లెక్కనే చూస్తరు. కాని డబ్బాల చెయ్యి పెట్టకముందు ఇంకొక పని జరుగుతది, దాన్ని విచారణ అంటరు. పట్నంల ఆ విచారణ అయినంక దరఖాస్తులు సగానికి సగం పోయినయి. అంటే ఏడు గింజలల్ల మూడు నాలుగు డబ్బాలకే రాలేదు. అవి ఓడిపోయిన గింజలు కావు, ఆటలనే లేని గింజలు. ఆ ఇంటోళ్ళు కూడ డ్రా నాడు ఫోన్లు పట్టుకొని ఎదురుచూసే ఉంటరు.

అందుల మా చెల్లె ఒకతి.

మా చెల్లె పట్నం పోయి పద్దెనిమిదేండ్లు. మూసీ ఒడ్డు బస్తీల ఒక్క అర్ర, వానకాలం మంచాలు ఇటుకల మీద ఎక్కించాలె. అపార్టుమెంట్లల్ల మెట్లు ఊడుస్తది. గ్యాసు పట్నంల, పిల్లల బడి పట్నంల, ఆధార్ల అడ్రసు కూడ పట్నందే. ఓటు మాత్రం మనూర్లె. ఎందుకంటే నేను తియ్యనియ్యలె.

2013 పంచాయితీ ఎన్నికలల్ల మన మనిషి ఎట్ల ఓడిపోయిండో ఇక్కడున్న పెద్దలకు యాదికున్నది. 2019 జనవరిల మళ్ళ ఎన్నికలు, సీటు ఎస్సీ రిజర్వు. రిజర్వు అయితేంది, పటేలు నిలబెట్టిన మనోడే మనకు ఎదురు నిలబడే. నేనే లిస్టు రాసిన. పట్నంల, బొంబాయిల ఉన్న మన వాడ ఓట్లు ఎన్ని, ఎవరెవరిని పిలవాలె అని. మా చెల్లె అప్పటికే అన్నది, "అన్నా, బస్తీల అందరు ఓటు ఇక్కడికి మార్చుకుంటున్నరు, నేను గూడ మార్చుకుంట" అని. నేను కోపం చేసిన. "ఊర్లె మన ఓటు తగ్గితే మళ్ళ పటేలు కాళ్ళకాడికి పోతం, నీకు సిగ్గనిపియ్యదా" అన్న. పాపం, నోరు మూసుకుంది. బస్సు పెట్టినం, తీసుకొచ్చినం, గెలిచినం. తొమ్మిది ఓట్లతోటి గెలిచినం. ఆ తొమ్మిదిల ఒకటి మా చెల్లెది. ఆ రాత్రి డప్పులు కొట్టినం, నేను కూడ ఎగిరిన.

తర్వాత ఇంటి విచారణకు మనిషి వచ్చిండు. గద్దించలె, మంచిగనే అడిగిండట. "అమ్మా, ఓటరు కార్డు?" మా చెల్లె తీసి ఇచ్చింది. చూసిండు, ఏదో రాసుకున్నడు, పోయిండు. ఆమె నాకు ఫోన్ చేసి "అన్నా, కార్డు చూసి ఏం మాట్లాడకుండ పోయిండు, మంచిదేనా?" అన్నది. నాకు అప్పుడే గుండెల రాయి పడ్డది. పట్నంల ఏ నియోజకవర్గంల ఓటు ఉంటే ఆ నియోజకవర్గం డ్రాల పేరు పెడుతున్నరు. మనూరి ఓటు ఉన్నామె పేరు ఏ డబ్బాల పడాలె? "మంచిదే లే" అని ఫోన్ పెట్టేసిన.

డ్రా నాడు పనికి పోలేదట. తలస్నానం చేసి, ఎల్లమ్మకు దీపం పెట్టి, పొద్దుందాక ఫోన్ పట్టుకొని కూసున్నది. మాపటికి నాకు ఫోన్ చేసి "నా నసీబ్ బాగలేదన్నా" అన్నది. నేను నిజం చెప్పలె. ఇయ్యాల్టిదాక చెప్పలె. ఆమె ఇక్కడనే ఆడోళ్ళ దిక్కు మూడో వరుసల కూసున్నది, వింటున్నది.

అమ్మా, ఇది నీ ప్రశ్నకు జవాబు. నొసట ఏం లేదు. ఓటరు లిస్టుల ఉన్నది. రాసింది బ్రహ్మ కాదు, నీ కొడుకు.

మన తాతలను కర్మ పేరు చెప్పి వాడల కూసోపెట్టిండ్రు. వాళ్ళు కొంచెం లేసి నిలబడేసరికి ఇప్పుడు నసీబ్ అనే మాట వచ్చింది. ఇల్లు రానోడు సర్కారును అడగడు, తాసిల్దారును అడగడు, నన్నూ అడగడు. తన నొసలు తాను కొట్టుకుంటడు. లక్ష ఇండ్లకు ఏడు లక్షలమంది ఎందుకు నిలబడాల్సి వచ్చింది, ఇండ్లు ఎందుకు చాలలేదు అన్న ప్రశ్న డ్రా అయిన తెల్లారి మాయమైతది. లాటరీతోటి నాకున్న అసలు పేచీ ఇది.

ఇక వచ్చినోళ్ళ సంగతి. పెద్ద కాలనీలు ఎక్కువ నగరం అంచులకే కట్టిండ్రు. కొల్లూరుల ఒక్కచోటనే 15,660 ఇండ్లు, ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర. మా చెల్లె బస్తీల ఒకామెకు అట్ల దూరంగ వచ్చింది. ఐదిండ్లల్ల బాసండ్లు తోముతది ఆమె. పొద్దున ఆరింటికి మొదటి ఇంట్ల ఉండాలె. రెండు బస్సులు మారి వచ్చేసరికి ఎనిమిది. రెండిండ్లోళ్ళు వేరేవాళ్ళను పెట్టుకున్నరు. ఇప్పుడు వారంల నాలుగు రాత్రులు మా చెల్లె అర్రలనే పండుకుంటది. సొంతింటికి తాళం వేసి, కిరాయి అర్రల చాపేసుకొని పండుకునే మనిషిని నేను కండ్లార చూసిన. కాని అమ్ముకుంటవా అంటే మాత్రం కస్సుమంటది. "నా బిడ్డ పెండ్లినాటికి ఆడ మెట్రో వస్తదేమో సారూ" అంటది.

సంఘాలల్ల పనిచేసే తమ్ముళ్ళు ఒక కేసు పేరు రాసుకోండ్రి. చమేలీ సింగ్ కేసు, ఉత్తరప్రదేశ్‌ది, 1996 సుప్రీంకోర్టు రిపోర్టులల్ల ఉంటది. దళితులకు ఇండ్ల కోసం సర్కారు భూమి తీసుకుంటే భూమిగలోళ్ళు కోర్టుకు పోయిండ్రు. కోర్టు వాళ్ళ మాట వినలె. ఇల్లు మనిషి బతికే హక్కుల భాగం, ఇల్లంటే తల మీద కప్పు ఒక్కటే కాదు, గాలి, వెలుతురు, నీళ్ళు, తొవ్వ అన్నీ అని చెప్పింది. అర్జీ రాసేటప్పుడు "దయతలచి" అని మొదలుపెడుతున్నరు చూడుండ్రి, ఆ మాట తీసేసి ఈ కేసు పేరు రాయుండ్రి.

2023 డిసెంబరుల సర్కారు మారింది, 2025 నుంచి ఇందిరమ్మ ఇండ్లు ఇస్తున్నరు. ఐదు లక్షలు, నాలుగు కిస్తులల్ల, బేస్‌మెంటు అయితే మొదటి లక్ష. కాని సొంత జాగ ఉన్నోళ్ళను ఒక లిస్టుల పెట్టిండ్రు, జాగ లేనోళ్ళను ఇంకో లిస్టుల. మళ్ళ డబ్బాలు వేరే అయినయి. మన వాడల ఒక గుడిసె జాగల నలుగురు అన్నదమ్ములు, పట్టా చచ్చిపోయిన తాత పేరు మీద. వీళ్ళు ఏ లిస్టులకు వస్తరు? తాత పేరు మీది కాగితం పంచుకునే పని అన్నదమ్ములు కొట్లాడక ముందే చెయ్యాలె. మాట్లాడుదాం రాండ్రి, దానికి ఒక పూట కావాలె.

ఇంకొకటి. ఓటు కొత్త తావుకు మార్చుకునే ఫారం 8 నలభై తెచ్చిన. పట్నంల ఉంటున్నోళ్ళు ఎవరెవరు ఓటు అక్కడికి మార్చుకోవాలనుకుంటున్నరో సభ అయినంక బడి అరుగు మీదికి రాండ్రి. ఆధార్ తెచ్చుకోండ్రి, కరెంటు బిల్లో గ్యాసు పుస్తకమో అడ్రసుకు ఒక కాగితం తెచ్చుకోండ్రి. కులం సర్టిఫికెట్ పాతది చినిగిపోయినోళ్ళు కూడ చెప్పుండ్రి, అది లేకుంటే ఆ 17 శాతం మనది కాదు.

మన మాజీ సర్పంచి తమ్ముడు నన్ను కొరకొర చూస్తున్నడు. ఆయన లెక్క నాకు తెలుసు. నలభై ఓట్లు పోతే మన వాడ మళ్ళ ఎట్ల గెలుస్తది అని. తమ్మీ, నా దగ్గర జవాబు లేదు. ఆ లిస్టు రాసిన చెయ్యే ఇది. ఊర్లె ఉన్న పిల్లలు పద్దెనిమిది నిండినోళ్ళు ఎంతమంది ఇంకా ఓటు రాయించుకోలేదో రేపు ఇల్లిల్లు తిరిగి చూద్దాం, నువ్వూ రా.

ముందుగాల మా చెల్లె ఫారం నింపిన. సంతకం ఒక్కటే మిగిలింది. పెట్టుడా, నన్ను నాలుగు తిట్టుడా, ఆమె ఇష్టం.

జై భీమ్.