శిలాజము - శాస్త్రముల పొత్తు

నేలపొరలలో రాయిగా మారిన ప్రాచీన జీవుల అవశేషములను పరిశీలించునది పురాజీవశాస్త్రము. ఎముకలను ఏరి అద్దాల బీరువాలలో అమర్చుటయే దాని పని యని మనలో పలువురు తలచుచుందుము. కాని తోడి శాస్త్రముల సాయము లేనిదే ఆ ఎముక నోరు విప్పదు. ఇందుకు మన గోదావరి లోయయే నిదర్శనము.

ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1931లో కలకత్తాలో నెలకొల్పిన సంస్థ గణాంకశాస్త్రమునకు పుట్టినిల్లు. అయినను ఆయన అందు భూగర్భశాస్త్రమునకును చోటు కల్పించెను. ఆ సంస్థ పరిశోధకులే ప్రాణహిత-గోదావరి లోయలో ఒక మహాకాయ రాక్షసబల్లి ఎముకలను వెలికితీసిరి. వంగభాషలో పెద్దకాలు అను అర్థము వచ్చునట్లు, 1961లో శతజయంతి జరుపుకొన్న రవీంద్రుని పేరును జోడించి, 1975లో దానికి 'బారాపాసారస్ టాగోరై' అని నామకరణము చేసిరి.

అచట దొరికిన ఎముకలు సుమారు 300. అవి ఒక్క జంతువువా, పెక్కింటివా? ఒకే ప్రక్కకు చెందిన ఒకే ఎముక ఎన్నిమార్లు దొరికినదో లెక్కించినచో ఇట్టి చిక్కు విడును. కనీసము ఆరు జంతువులని తేలినది. తల దొరకలేదు, పండ్లు మాత్రము దొరికినవి. వాని ఆకృతిని బట్టి అది శాకాహారి యని జంతుశాస్త్రము చెప్పినది. ఎముకల నడుమ రాయిగా మారిన పెద్ద చెట్ల మొద్దులును కనిపించినవి. మందకు మంద వరదపాలై యుండునను ఊహకు ఆ మొద్దులే ఆధారము. ఇక కాలనిర్ణయము మాట. అదే శిలాశ్రేణిలోని సున్నపురాతి పొరలందు చేపల శిలాజములు కలవు. వానిని అన్యదేశములలోని చేపలతో పోల్చి, ఈ శిలలు జురాసిక్ యుగమునాటివని గుర్తించిరి.

ఇన్ని సంగతులు తెలియుటకు మూలమేమి? ఎముక ఏ పొరలో, ఏ దిక్కుగా, వేని సరసన ఉన్నదో పరిశోధకులు వ్రాసియుంచుటయే. చోటు తెలియని శిలాజము సంతకము లేని దస్తావేజు వంటిది. చూచుటకు వింతయే గాని సాక్ష్యమునకు పనికిరాదు.

కావున బావి త్రవ్వునపుడో, రాయి కొట్టునపుడో ఎముకవంటి శిల కనబడినచో దానిని పెకలించి ఇంటికి తెచ్చుకొనరాదు. ఉన్నచోటనే ఉంచి, గుర్తుపెట్టి, సమీప కళాశాలలోని భూగర్భశాస్త్ర అధ్యాపకులకు తెలుపుదము. కోట్ల ఏండ్లు భూమి భద్రపరచిన సాక్ష్యమును ఒక్క గునపపుపోటుతో చెరపివేయకుండుట మన చేతిలోని పని.